బావిలో మీసాల చేప

ఆ ఊరి పేరు మాత్రం రాయను. బావి గల రైతు ఆదినారాయణగారు తిరుగు ప్రయాణంలో నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చి మరీ అడిగారు. "మీరు ఏమన్నా రాసుకోండి అమ్మాయిగారూ, ఊరి పేరు ఒద్దు. రేపట్నుంచి మా వాళ్లు ఆ నీళ్లు తాగాలి." వినుకొండ దాటి ఒంగోలు జిల్లా సరిహద్దు వైపు వెళ్లే దారిలో, పత్తీ మిరపా వేసుకునే ఊళ్లలో అదొకటి. అంత చెబితే చాలు.

నేను గుంటూరులో జంతుశాస్త్రం పాఠాలు చెబుతాను. పుట్టింది వేటపాలెం. జీడిగింజలు కాల్చే పొగ, సముద్రం మీది గాలి, రోజూ కంచంలో చేప. అందువల్ల చేపను చూసి ఒక ఊరు భయపడుతోందంటే మొదట నవ్వే వచ్చింది.

చెప్పింది రత్నకుమారి. ఒకప్పటి నా విద్యార్థిని, ఇప్పుడు ఆ ఊళ్లో పంతులమ్మ. నరసరావుపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర కలిసింది.

"మేడమ్, మా ఊరి బావిలో ఒక చేపుంది. దానికి మీసాలు మొలిచాయి. జనం నీళ్లు తోడుకోవడం మానేశారు. ఒకసారి వచ్చి చూస్తారా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "కిందటేడు ఆ బావిలో ఒక మనిషి పోయాడు మేడమ్. అతనికీ మీసాలుండేవి" అంది.

వేసవి సెలవులు మొదలవగానే బయల్దేరాను.

గుంటూరు నుంచి వినుకొండ

మిరపకాయల రోజుల్లో గుంటూరు బస్టాండులో తుమ్మని మనిషి ఉండడు. మా బస్సు టాపు మీద మిరప టిక్కీలు, అంటే గోనె బస్తాలు, వేశారు. అవి కదిలినప్పుడల్లా కిటికీల్లోంచి ఘాటు దిగి, బస్సంతా ఒకేసారి దగ్గేది. ఊరివాళ్లకు అది పట్టదు. పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడుతూనే ఉంటారు.

నా పక్కన గాజులమ్ముకునే ఒక పెద్దావిడ కూర్చుంది. నరసరావుపేట దాటేలోపు తన కోడలి సంగతి, మోకాళ్ల నొప్పి సంగతి అన్నీ చెప్పేసింది. నా చేయి పట్టుకుని మణికట్టు కొలత చూసి, "నీకు రెండుంబావు సరిపోద్ది" అని తేల్చింది. అప్పుడడిగింది, "ఎక్కడికి పోతన్నావమ్మా?"

ఊరి పేరు చెప్పాను.

ఆమె నా చేయి వదిలేసింది. గాజుల బుట్టను కొంచెం తనవైపుకు జరుపుకుంది. వినుకొండలో దిగేటప్పుడు వెనక్కి తిరిగి, "ఆడ నీళ్లు మాత్రం తాగబాక" అంది.

వినుకొండలో కొండ కిందే బజారు. ఆ రాతి కొండ పొద్దుటి ఎండకే కాలిపోయి, దాని వేడి వీధిలో నడిచేవాళ్ల వీపుకు తగులుతుంది. భోజనాల హోటల్లో గోంగూర, ముద్దపప్పు, ఊరమిరపకాయలు పెట్టారు. గుంటూరు కంటే ఖరీదు కాస్త తక్కువ, కారం రెండింతలు. చేపల కూర ఉందా అని అడిగితే వడ్డించే మనిషి విచిత్రంగా చూశాడు. మా వేటపాలెంలో చేప లేకపోతే అలా చూస్తారు.

అక్కడి నుంచి వెళ్లే రెండో బస్సు ఊరికి ఇంకా దూరముండగానే టైరు పేలి ఆగిపోయింది. నల్లరేగడి నేలల్లో అడ్డంపడి నడిచాను. పత్తి తీసేశారు. ఎండిన కట్టె మాత్రం వరసలు వరసలుగా నిలబడి ఉంది. కంపచెట్లకు దూది పింజలు చిక్కుకుని గాలికి కదులుతున్నాయి. కొంత దూరం నడిచాక ఏదో తక్కువైందనిపించింది. ఆగి విన్నాను. ఒక్క పిట్ట అరుపు లేదు. మట్టిలోంచి పత్తిమందు వాసన సన్నగా వస్తోంది. కొట్టి నెలలై ఉంటుంది, అయినా వస్తూనే ఉంది.

కల్లం

ఊరి మొదట్లోనే ఆదినారాయణగారి మిరప కల్లం. నేల కనపడకుండా ఎర్రగా పరిచారు. ఆ ఎరుపు మధ్య ఆడవాళ్లు వంగి తాలుకాయలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ కాయలన్నమాట. అందరి మొహాలకూ గుడ్డలు కట్టి ఉండడంతో కళ్లు తప్ప ఏమీ కనపడవు. రత్నకుమారి ఎదురొచ్చింది.

నేనొక కాయను తుంచి విత్తనాలు చూశాను. తర్వాత, ఏం ఆలోచిస్తున్నానో, అదే చేత్తో కంటి కింద చెమట తుడుచుకున్నాను. కుడి కన్ను మండిపోయింది. కేక పెట్టి కూలబడ్డాను.

ఎవరో నా తల ఒళ్లోకి తీసుకున్నారు. పాలల్లో ముంచిన దూది చల్లగా కంటి మీద పడింది. కాసేపటికి మరొకటి. మంట తగ్గి ఎడమ కన్ను తెరిచి చూస్తే, మొహాన గుడ్డ తీసేసిన ఒక సన్నటి మనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో. దూది మార్చి, నా చేతిని సున్నిపిండితో రుద్ది కడిగి, తన వరసలోకి వెళ్లిపోయింది.

"ఆమే మేడమ్, మరియమ్మ. దావీదు భార్య" అంది రత్నకుమారి.

దావీదు ఆదినారాయణగారి దగ్గర జీతానికుండేవాడు. నాలుగేళ్ల కిందట ఎక్కడో చేపపిల్లల కేంద్రం నుంచి కుండలో పిల్లల్ని తెచ్చి బావిలో వదిలాడు, దోమలు తగ్గుతాయనీ పెద్దవైతే పండక్కి కూరకొస్తాయనీ. పత్తిమందు డబ్బాలు కడిగిన నీళ్లు ఒకసారి బావిలోకి దిగి, చేపలన్నీ తెల్లగా తేలిపోయాయి. ఒక్కటే బతికింది. కిందటేడు వానలు పడ్డాక, ఇంజను నీళ్లు లాగడం లేదని పైపు చివర ఇరుక్కున్న చెత్త తీయడానికి దావీదు మునిగాడు. పైకి రాలేదు. అప్పుడు బావి నిండుగా ఉంది. మూడో రోజు పొద్దున తేలాడు.

"అంతకుముందు దానికి మీసాల్లేవంటారు మేడమ్, ఊళ్లో అందరూ. ఆ తర్వాతే మొలిచాయంటారు. మరియమ్మేమో రోజూ మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని దానికి అన్నం వేస్తుంది. దావీదు కూర్చుని తిన్న మెట్టు మీదే."

"పిల్లలా?"

"లేరు మేడమ్."

నాకు తాగడానికి మంచినీళ్లు తెచ్చారు. రెండు మైళ్ల అవతల చెరువు నుంచి మోసుకొచ్చినవి. తెచ్చిన డబ్బా మీద పత్తిమందు బొమ్మ ఇంకా చెరిగిపోలేదు. కడుక్కున్నారు కదా అని వాళ్ల ధైర్యం. గొంతు ఎండుతోంది. తాగాను.

బావి

మర్నాడు మిట్టమధ్యాహ్నం బావికి వెళ్లాం. నలుపలకల పెద్ద బావి, ఒక పక్క రాతి మెట్లు. ఎండాకాలం కాబట్టి నీళ్లు లోతుకు పోయాయి. మెట్లు దిగేకొద్దీ పైన మాటలు సన్నగిల్లి, మన ఊపిరి మనకే గట్టిగా వినిపిస్తుంది. నా కుడి కన్ను ఇంకా వాచి మూసుకునే ఉంది.

పైన గట్టు మీద ఊరు సగం చేరింది. ఆదినారాయణగారు మూడో మెట్టు దగ్గరే ఆగారు. పెద్ద గొంతు, ఎర్రటి తువ్వాలు. "అమ్మాయిగారూ, వానలొచ్చేలోగా బావి పూడిక తీయాలి. ఒక్కడు దిగటంలా. అది ఉత్త చేపేనని మీరొక్క మాట చెప్పండి, గునపంతో పొడిచి అవతల పారేయిస్తా."

నేను చివరి మెట్టు మీద కూర్చున్నాను. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ నలుపులోనే ఇంకొక నలుపు కదిలింది. మెల్లగా పైకొచ్చింది. నా మోచేతి నుంచి వేళ్ల చివరి దాకా చూసుకుంటే దానికంటే పొడుగుంది.

తల రాగండి చేపది. కుచ్చుల అంచున్న మందపాటి పెదవులు, కిందికి తిరిగిన నోరు. ఒళ్లు మాత్రం రాగండిది కాదు. వీపు గుండ్రంగా లేచి, పొట్ట పసుపు బంగారం రంగులో ఉంది. పొలుసులు పెద్దవి, ఒక్కోదాని అంచున గోరింటాకు చారలాంటి ఎరుపు. వీపు మీది రెక్క పొడవుగా సాగి, దాని మొదటి ముల్లు రంపంలా గరగరలాడుతూ పైకి లేచింది. నోటి మూలల్లో, రెండు పక్కలా, పొట్టి మీసాలు. నిజమే. కత్తిరించినట్టున్నాయి.

అది ఒక పక్కకు ఒరిగి కన్ను కిందికీ పైకీ తిప్పింది. చేపకు రెప్ప ఉండదని ఎన్నేళ్లుగా చెబుతున్నానో. ఒంటికన్నుతో నేనూ ఒంటికన్నుతో అదీ అలా చూసుకున్నప్పుడు, ఆ పాఠం నాకేమీ సాయం చేయలేదు.

ఉన్నట్టుండి అది నా వైపు నుంచి తిరిగింది. నీళ్లకు అవతలి మూలకు వెళ్లి నిలబడింది. తలెత్తి చూశాను. సరిగ్గా ఆ మూల పైన, ఎంతో ఎత్తున గట్టు మీద, అప్పుడే వచ్చి నిలుచున్న మరియమ్మ. నోరు విప్పలేదు. మెట్టు దిగలేదు. అడుగుల అదురు నీళ్లలోకి వస్తే చేపకు పక్కల్లో ఉండే గీత ద్వారా తెలుస్తుంది. కానీ అంత ఎత్తున, అంతమంది అడుగుల మధ్య ఆమె అడుగును ఎలా పోల్చుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

పైకొచ్చి, వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. "ఇది రెండు జాతుల చేపలు కలిసి పుట్టింది. తల్లి రాగండి, తండ్రి బంగారు తీగ అయి ఉంటాయి. మీసాలు తండ్రి వైపువి. పిల్లప్పుడు కనపడనంత చిన్నవిగా ఉంటాయి, చేప పెరిగేకొద్దీ కనపడతాయి. బంగారు తీగకు మొండితనం ఎక్కువ, చెడ్డనీళ్లలోనూ బతుకుతుంది. అందుకే మందుకు ఇది చావలేదు."

"ఆ రెండూ యాడ కలుస్తయ్యమ్మా?" గొంగడి భుజాన వేసుకున్న ఒక ముసలాయన అడిగాడు.

"మామూలుగా కలవవు. రాగండి పారే నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, బంగారు తీగ నిలవ నీళ్లలో నాచుకు అంటిస్తుంది. పిల్లల కేంద్రంలో మందు సూదేసి, గుడ్లు పిండి, కోడి ఈకతో కలుపుతారు. అక్కడ పొరపాటునో, కావాలనో ఇలాంటివి పుడతాయి."

"ఆడదా, మగదా?"

"పైకి చూసి చెప్పలేను. ఏదైనా దీనికి పిల్లలు పుట్టవు. గుడ్లకు పోవాల్సిన బలం కూడా ఒంటికే పడుతుంది కాబట్టి ఇంత పెరిగింది."

ఇది వింటే వాళ్ల భయం పోతుందనుకున్నాను. ఒక తల్లి తన బిడ్డను వెనక్కి లాక్కుంది.

"ఇది మనిషిని కరవదు" అన్నాను గట్టిగా. "దవడల్లో పళ్లే ఉండవు. గొంతులో ఉంటాయి. నాచు, నత్తలు, పురుగులు, మెత్తబడ్డవి ఏవైనా నలుపుకుని తింటుంది, అంతే."

ముసలాయన నా మొహంలోకి చూశాడు. గొంతు పెంచలేదు. "రెండ్రోజులు నీళ్లల్లో నానితే మనిషి మెత్తబడడా అమ్మా?"

మెత్తబడతాడని నాకు తెలుసు. తిరిగి బావిలోకి చూశాను.

ఆదినారాయణగారు గునపం తెమ్మని కేకేశారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు మరియమ్మ గట్టు దిగి ఆయన ఎదుటికి వచ్చింది.

"నీళ్లు తోడిచ్చండి. నేను దిగుతా. నేనే దాన్ని కాలవలో వదిలొస్తా."

"నీకేమన్నా పిచ్చా మరియా?"

"మీ బావి మీకొస్తది, మీ మనుషులు మీకొస్తారు. నన్ను దిగనియ్యండి." కొంచెం ఆగి, "దాన్ని పొడిస్తే మాత్రం నేను మీ కల్లంలోకి రాను" అంది.

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "కానియ్యండి" అన్నారు చివరికి.

ఇంజను

ఆ రాత్రి రత్నకుమారి ఇంట్లో జొన్న సంగటి, పచ్చిమిరపకాయల రోటి పచ్చడి తిన్నాను. మా వైపు వరి తప్ప ఎరగం. రెండో ముద్దకే కడుపు నిండింది. పొద్దున లేచేసరికి ఆయిలింజను మోత ఊరంతా వినిపిస్తోంది.

నీళ్లు దిగేకొద్దీ బావి గోడల మీద ఇన్నాళ్లూ మునిగి ఉన్న రాళ్లు పాకుడుతో మెరుస్తూ బయటపడ్డాయి. ఒక పగిలిన బిందె, తుప్పు పట్టిన గొలుసు, ఒక కాలి చెప్పు. ఆ చెప్పును చూసి పైన ఎవరో "ఆఁ" అన్నారు. మరియమ్మ దాని వంక చూసి తల అడ్డంగా ఊపింది. "ఆయనది కాదు."

అడుగున బురదా, మోకాలి లోతు నీళ్లూ మిగిలాక ఇంజను ఆపారు. అప్పుడు వినిపించింది. చప్, చప్, చప్. చేప పైకొచ్చి నోటితో గాలి మింగుతోంది. ఆ గోడల మధ్య అది మనిషి పెదవుల చప్పుడులాగే ఉంది. గట్టు మీద ఉన్న మగవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు.

మరియమ్మ చీర పైకి దోపుకుని దిగింది. తడి గోనెసంచి పట్టుకుని నేనూ వెనకాలే దిగాను. చేప పారిపోలేదు. ఆమె బురదలో కూర్చుని చేతులు దాని పొట్ట కిందికి పోనిచ్చింది. వీపు ముల్లు గుచ్చుకుని అరచేయి చీరుకుపోయింది. ఆమె వదల్లేదు. ఇద్దరం కలిసి గోనెలో చుట్టి, రేకు తొట్టిలో నీళ్లలో పెట్టి, తాళ్లతో పైకి లాగించాం. తాళ్లు లాగినవాళ్లు కళ్లు పక్కకు తిప్పుకునే లాగారు.

కాలవ

చెరువులు నింపడానికి సాగర్ కాలవకు ఆ వారం నీళ్లు వదిలారు. ఆదినారాయణగారు ఎడ్లబండి ఇచ్చారు, తోలడానికి మనిషి దొరక్క తానే తోలారు. దారిలో నేను ముంతతో నీళ్లు ఎత్తి తొట్టిలోకి పోస్తూనే ఉన్నాను. అలా పోస్తే నీళ్లలో గాలి కలిసి చేప బతుకుతుంది. మరియమ్మ దాని తల కింద చేయి పెట్టి కూర్చుంది. చీరిన అరచేతి నెత్తురు ఆ నీళ్లలో దారంలా సాగి, చేప మొప్పల్లోకి పోయి కనపడకుండా పోయింది. నేను చూశాను. ఆమె కూడా చూసింది.

చప్, చప్.

"ఆయన బీడీ అంటించుకునేటప్పుడు అట్టాగే చప్పుడొచ్చేది" అంది మరియమ్మ. ఆదినారాయణగారు ఎడ్లను అదిలించారు.

కాలవ గట్టు మీద నీళ్లు చూసే లస్కరు ఎదురొచ్చి తొట్టిలోకి తొంగిచూశాడు. "ఇదేం చేప? ఇక్కడొదిలితే కింద చెరువులో వలకు పడుద్ది, ఎవడో కోసుకుంటాడు" అన్నాడు. మరియమ్మ ఆ మాట విననట్టే నీళ్లలోకి దిగింది.

నడుము లోతుకు వెళ్లి ఆగింది. నేను తొట్టి వంచాను. చేప ఆమె రెండు చేతుల మీదికి జారింది. ఎర్రటి కొత్త నీళ్లు బలంగా పారుతున్నాయి. పుట్టాక పారే నీరు ఎరగని ఆ ప్రాణి ఒక్కసారి ఒళ్లంతా బిగించింది. తల దానంతటదే ఎగువకు తిరిగింది. తల్లి జాతి బుద్ధి అది. వానల్లో రాగండి అలాగే ఎదురెక్కుతుంది.

ఆదినారాయణగారు బండి దగ్గరే ఉండిపోయారు. మరియమ్మ తల తిప్పకుండా నన్నడిగింది.

"అమ్మా, మీరు చదువుకున్నారు. నిజం చెప్పండి. ఇది ఆయన్ని తిన్నదా?"

నిన్న ముసలాయన అడిగినప్పటి నుంచీ ఈ ప్రశ్న కోసమే భయపడుతున్నాను. రాత్రంతా జవాబు సిద్ధం చేసుకున్నాను. నీళ్లలోకి రెండడుగులు వేసి, నాకు చేతనైనంత మెత్తగా చెప్పాను.

"లేదమ్మా. తినలేదు. దాని నోరు అందుకు తగింది కాదు. నాచూ పురుగులే దాని తిండి. నువ్వా భయం పెట్టుకోకు."

ఆమె మొహం తేటపడుతుందని చూశాను. అది చూస్తుండగానే వాడిపోయింది. చేప మీద చేతులు ఇంకా బిగుసుకున్నాయి. అది ఊపిరాడక కొట్టుకుంటున్నా ఆమెకు తెలియడం లేదు.

"కొంచెం కూడానా?" అంది.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఏడాదిగా ఊరంతా దేన్ని తలుచుకుని నీళ్లు తాగడం మానేసిందో, దాని కోసమే ఆమె రోజూ మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్లింది. సమాధిలో ఉన్నది మట్టయిపోయింది. పిల్లలు లేరు. ఆ మనిషి ఒంట్లోది ఇసుమంతైనా ఎక్కడో నెత్తురై తిరుగుతోందని ఆమె ఆశ.

"మెత్తబడ్డవి తింటుందని నిన్న మీరే అన్నారు" అంది మళ్లీ, బతిమాలుతున్నట్టు.

"తింటుంది" అన్నాను. "రెండ్రోజులు ఆయనతో అదొక్కటే ఉంది కదమ్మా నీళ్లలో. కొంచెం తినే ఉంటుంది."

"తిన్నది ఒంట్లో ఉంటదా?"

"ఉంటుంది. పొలుసుల్లో, ఎముకల్లో ఉండిపోతుంది."

ఆమె తలూపింది. చాలా నెమ్మదిగా వేళ్లు విప్పింది. చేప వెంటనే పోలేదు. ఆ రెండు అరచేతుల మధ్య, వాటిని తాకకుండా, ఎదురు నీటికి తోక ఆడిస్తూ కాసేపు నిలబడింది. తర్వాత ఎర్రనీళ్లలో దాని వీపు కనపడటం మానేసింది.

మరియమ్మ చేతులు మాత్రం చాలాసేపు అలాగే చాచి ఉంచింది.